తీరిక వేళల పని



చేనేతను గూర్చియు తత్సంబంధములగు చేతిపనులను గూర్చియు నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించిరి. పోచంపల్లి పట్టుచీర సొగసును వర్ణించుటకు నాకంటె సమర్థులు ఈ సభయందు పెక్కుమంది గలరు. కావున నేను చీరను గూర్చి గాక, చీర లెక్కలో చేరని చేతులను గూర్చి మనవి చేసికొందును.

మన మూలపురుషుడగు భావనారుషి తామరతూండ్ల నారతో దేవతలకు వస్త్రములు నేసెనని చిన్ననాటినుండి వినుచున్నాము. ఆ కథ వినునపుడెల్ల నాకొక సందేహము కలుగుచుండును. ఆ తూండ్లనుండి నార తీసినదెవరు? కండెలు చుట్టినదెవరు? భద్రావతీదేవి చేతులు ముడుచుకొని కూర్చుండెనా? పెద్దలు నవ్వుచున్నారు. నవ్వదగిన ప్రశ్నయే. కాని మన యిండ్లలో దానికి జవాబు ప్రతిదినము కానవచ్చుచునే యున్నది.

గుంటమగ్గములో కూర్చున్న పురుషుడు నాడె విసరుటకు ముందు ఎంత పని జరుగవలెనో మీరెరుగనిది కాదు. చిలపలు విప్పవలెను. రాట్నముపై కండెలు చుట్టవలెను. పడుగు సిద్ధము చేసి, పాతపడుగు కొసలకు క్రొత్తపడుగు దారములను ఒక్కొక్కటిగా అతుకవలెను. మన నల్లగొండ ప్రాంతపు చిటికి చీరకైతే వీనికి తోడు ఆసు పోయవలెను. అర్ధచంద్రాకారముగా నిలిపిన మేకుల చుట్టును, వానికెదురుగా నున్న మేకుకును దారమును త్రిప్పుచు, చేయి ముందుకు వెనుకకు ఆడించుచుండవలెను. ఆ పిమ్మటనే చిటికి కట్టుట, రంగులద్దుట. ఈ పనులలో పెక్కు ఆడువారివే. పెండ్లిచూపులకు పోయినపుడు “పిల్లకు ఆసు వచ్చునా?” అని అడిగెడివారము మనమే. ఆ పిల్ల కోడలై వచ్చి ముప్పదియేండ్లు ఆసు పోసిన పిదప, “మీ యింటిదేమి పని చేయును?” అని ఎవరైన అడిగిన, “ఇంట్లోనే యుండును” అని చెప్పెడివారమును మనమే.

ఇతరులను తప్పుపట్టుటకు నేను ఈ వేదిక నెక్కలేదు. నేనొకప్పుడు ఒక చేనేత సహకార సంఘమున గుమాస్తాగా నుంటిని. మా తండ్రి ఆ సంఘమున సభ్యుడు. ఆయన పేర మగ్గము, ఆయన పేర నూలు, ఆయన పేర కూలి. మా తండ్రి గతించిన మరుసటి నెల సభ్యుడు లేడు గనుక నూలు నిలిపివేయవలెనను కాగితము సిద్ధమయ్యెను. ఆ కాగితము నా చేతివ్రాతయే. నియమము నియమమే గదా యని వ్రాసితిని. నాటి రాత్రి మా యమ్మ నన్ను పిలిచి, “నలభై ఏండ్లు ఆసు పోస్తి, కండెలు చుడితి. నా పేరు యాడ లేదా, బిడ్డా?” అని అడిగెను. నేను పదియేండ్లుగా వ్రాయుచున్న పుస్తకములవి. వానిలో ప్రతి పుట నాకు తెలియును. “యాడ లేదమ్మా” అంటిని. ఆమె మరేమియు అనలేదు. తెల్లవారిన తరువాత ఎవరి యింటికో ఆసు పోయుటకు కూలికి పోయెను.

మన కులమున ఒక్కడు మాత్రము ఈ పనిని లెక్కించెను. ఆలేరు ప్రాంతమున శారాజీపేట వాస్తవ్యుడగు చింతకింది మల్లేశముగారు ఆరవ తరగతితో బడి మానినవారు. తల్లి లక్ష్మిగారు ఆసు పోయుచు భుజము నొప్పితో బాధపడుట చూడలేక యంత్రము చేయ పూనుకొనిరి. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు ఆడవలెను. దినమునకు రెండు చీరలైనచో 18,000 సార్లు. సంవత్సరముల తరబడి శ్రమించి, ఊరివారి పరిహాసములను సహించి, 1999లో ఆయన యంత్రమును సాధించిరి. దానికి “లక్ష్మీ ఆసు యంత్రము” అని తల్లి పేరే పెట్టిరి. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగెను. 2017లో పద్మశ్రీ వచ్చినది, 2019లో చలనచిత్రము వచ్చినది. ఇవి మనకు గర్వకారణములే. అయినను నన్ను ఎక్కువగా కదలించునది ఆ తొమ్మిదివేల అంకె. తరతరములుగా తల్లుల ప్రక్కన కూర్చుండి అన్నము తిన్నవారము మనము, ఎవరము లెక్కించితిమి?

ఇది మన యొక్క కులపు దోషము మాత్రమే కాదు. గోదావరి ముఖమున నరసాపురము ప్రాంతపు స్త్రీలు కొక్కెపుసూదితో లేసు అల్లుదురు. పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీల వలన అచ్చట పాదుకొన్న విద్య యిది. ఆ లేసు సముద్రములు దాటి అమ్ముడుపోయెను. మరియా మీస్ అను జర్మను విదుషీమణి అచ్చటికి వచ్చి విచారించి, 1982లో ఆంగ్లమున ఒక గ్రంథము ప్రకటించెను. దినమునకు ఆరేసి, ఎనిమిదేసి గంటలు అల్లిన స్త్రీకి రూపాయియైన ముట్టకుండెనని ఆమె తేల్చెను. ఇంత తక్కువ యేలయన, వారు పనివారు కారట! గృహిణులట! తీరిక వేళ ఏదో అల్లుకొనుచున్నారట! వంట, పశువులు, పిల్లలు, పిమ్మట ఎనిమిది గంటల సూది. దీనికి తీరిక యని పేరు. 2024లో నరసాపురము లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఊరి పేరునకు గుర్తింపు వచ్చినందుకు సంతోషము. అల్లిన చేతికి ఎంత ముట్టుచున్నదో అదియు అడుగవలసియున్నది.

శ్రీకాకుళము జిల్లా పొందూరులోనైతే వాలుగచేప దవడతో ప్రత్తిని దువ్వి, నూరవ నంబరు సన్ననూలు వడుకునది స్త్రీలే. పొందూరు ఖద్దరు ధరించినవారి పేర్లు మనకు కంఠస్థములు. వడికినవారి పేరు ఒక్కటైన చెప్పగలమా?

2019–20 అఖిలభారత చేనేత గణనలో దేశమున సుమారు 35 లక్షల చేనేతపనివారు తేలిరి. వారిలో 25 లక్షలకు పైగా స్త్రీలే. సర్కారు లెక్కకు కనబడినవారు మన సంఘముల పుస్తకములకు ఏల కనబడరాదు?

ఇచ్చట ఒక చిక్కున్నది, దానిని దాచను. ఆసునకు, కండెకు వేరు కూలి వ్రాసినచో చీర ధర పెరుగును, లేదా నడిమివాని లాభము తరుగును. మరమగ్గపు నకిలీ సగము ధరకు బజారులో వ్రేలాడుచుండగా ధర పెంచుటెట్లని పోషకులగు వర్తక సోదరులు అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. దానికి సంపూర్ణమైన సమాధానము నా యొద్ద లేదు. ఇంతకాలము ఆ చవుక ధరలో మిగిలిన భాగమును చెల్లించినది మన తల్లుల భుజములని మాత్రము ఎరుగుదును.

కావున నేడు కోరునది కొంచెమే. కూలి సంగతి రేపటి తీర్మానముల సభలో తర్కించుకొందము. ముందు పేర్లు వ్రాయుదము. ద్వారము చెంత బల్లపై గ్రామములవారీగా కాగితములున్నవి. మొదటి గడిలో మగ్గము యజమాని పేరు వ్రాసి వెడలిపోకుడు. రెండవ గడిలో ఆ యింటి స్త్రీల పేర్లు, మూడవ గడిలో వారు చేయు పని, నాలుగవ గడిలో ఎన్నియేండ్లనుండి చేయుచున్నారో వ్రాయుడు. తెలియనిచో ఇంటికి పోయి అడిగి రేపు తెండు. మా గ్రామపు కాగితమున మొదటి వరుసను నేను నిన్ననే నింపితిని. మొదటి గడి ఖాళీగానే యున్నది. రెండవ గడిలో మా యమ్మ పేరున్నది.