స్ట్రిప్ గులాబీ రంగులోకి మారింది... నాన్నకి క్యాప్సూల్స్ కొనాలా?

ఈరోజు టాపిక్ మూత్రం. తింటూ చూస్తున్నవాళ్లు పాజ్ చేసి తర్వాత రండి.

పోయిన నెల ఆన్‌లైన్‌లో ఒక కిట్ కొన్నా. మూత్రంలో స్ట్రిప్ ముంచితే ఒంట్లో ఆక్సిడేటివ్ స్ట్రెస్ ఎంతుందో రంగు చెప్తుందట. నాది లేత గులాబీ. నాన్నది ముదురు గులాబీ. ఆయన 30 ఏళ్లుగా సిగరెట్ తాగుతున్నారు. భయమేసింది. కిట్‌తో పాటే బీటా కెరోటిన్ క్యాప్సూల్స్‌కి కూపన్ కూడా ఇచ్చారు. వెంటనే కార్ట్‌లో వేసేశా. డబ్బు కట్టే ముందు మాత్రం కూర్చుని చదివా.

ఫ్రీ రాడికల్స్ క్షణంలో మాయమైపోతాయి, నేరుగా పట్టుకోవడం చాలా కష్టం. అందుకే అవి పాడుచేసిన వాటి ముక్కల్ని మూత్రంలో వెతుకుతారు. డీఎన్‌ఏ దెబ్బతింటే వచ్చేది 8-ఓహెచ్‌డీజీ. కొవ్వు దెబ్బతింటే వచ్చేవి ఐసోప్రోస్టేన్‌లు. వీటిని 1990లో అమెరికాలోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ వాళ్లు బయటపెట్టారు. పొగతాగేవాళ్లలో ఇవి ఎక్కువుంటాయి. కానీ సరిగ్గా కొలవాలంటే మాస్ స్పెక్ట్రోమీటర్ కావాలి. స్ట్రిప్ పనికాదది.

నా స్ట్రిప్ చూసేది ఎండీఏ లాంటి ఆల్డిహైడ్‌లని. ముందురోజు మటన్ తిన్నా ఆ లెక్క మారొచ్చు. పైగా నేను రెండు గ్లాసుల నీళ్లు తాగి టెస్ట్ చేశా, నాన్న పొద్దున్నే లేచీ లేవగానే చేశారు. చిక్కటి మూత్రం, చిక్కటి రంగు! ల్యాబ్‌లో అయితే క్రియాటినిన్‌తో భాగించి ఈ తేడా సరిచేస్తారు. అదీ పక్కా కాదు, కండ ఎక్కువున్నవాళ్లలో క్రియాటినిన్ కూడా ఎక్కువే.

ఇంకో చిక్కుంది. 8-ఓహెచ్‌డీజీ పెరిగితే డ్యామేజ్ పెరిగిందనా, రిపేర్ బాగా జరుగుతోందనా? నా పాత ఉద్యోగంలో క్లోజ్ అయిన టికెట్లు లెక్కపెట్టి బగ్స్ ఎన్నో చెప్పమన్నట్టుంది.

ఇక క్యాప్సూల్స్. ఫిన్లాండ్‌లో 29 వేలమందికి పైగా పొగతాగే మగవాళ్లపై పెద్ద ట్రయల్ చేశారు. 1994లో ఫలితాలొచ్చాయి. రోజుకి 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ వేసుకున్నవాళ్లలో లంగ్ క్యాన్సర్ తగ్గలేదు, 18 శాతం ఎక్కువైంది. అది చదివాక నా చేతులు చల్లబడ్డాయి. నాన్నకి నేనే కొనివ్వబోయా కదా! కార్ట్ ఖాళీ చేశా. క్యారెట్ తినొచ్చు, గొడవ క్యాప్సూల్ డోసుతోనే.

అసలు తలనొప్పి ఇప్పుడు. ఆ ముదురు గులాబీ చూసి భయపడి నాన్న నాలుగు రోజులుగా సిగరెట్ ముట్టలేదు. ఆ స్ట్రిప్‌ని నమ్మడానికి లేదని ఆయనకింకా చెప్పలేదు. ఈ వీడియో ఆయన చూసేలోపు చెప్పాలి. మీరైతే ఎలా చెప్తారు? కామెంట్ చేయండి.