తల్లి వదిలేసిన మొక్క

బ్యాండు అనగానే మనకు పెళ్ళి ఊరేగింపే గుర్తుకొస్తుంది కదండీ! అమెరికా హైస్కూళ్ళలో అదొక పాఠం. సాధారణంగా వయొలిన్లు ఉండవు. ఫ్లూట్లు, క్లారినెట్లు, బాకాలు, డ్రమ్ములు, పెద్ద తాళాలు. మాట లేకుండానే వాటితో పిల్లలు కథ చెబుతారు.

అలాంటి బ్యాండు కోసం స్టీవెన్ రైనెకీ 2001లో కూర్చినది ‘ఫేట్ ఆఫ్ ది గాడ్స్’. అంటే దేవతల తలరాత. 13వ శతాబ్దంలో ఐస్‌లాండులో గ్రంథానికెక్కిన పురాణాల్లోని ప్రళయయుద్ధం, రాగ్నరోక్, దీనికి ఆధారం.

ఆ ప్రళయానికి ముందు ఒక తల్లి కథ ఉంది. కొడుకు బాల్డర్‌కు చావు కలలు వస్తుంటే ఫ్రిగ్ దేవత నిప్పు, నీరు, ఇనుము, రాళ్ళు, రోగాలు, పాములు, అన్నిటిచేతా ఒట్టు వేయించుకుంది. కొమ్మల మీద పెరిగే బదనికలాంటి ఒక మొక్కను మాత్రం, మరీ లేతది, దీనితో ఒట్టేమిటని వదిలేసింది. కుటిలుడు లోకి ఆ పుల్లనే ఒక గుడ్డివాడి చేతికిచ్చి విసిరించాడు. బాల్డర్ కూలిపోయాడు. మనవాళ్ళు చెప్పుకునే గాంధారి, దుర్యోధనుడి తొడ గుర్తుకు రావడం లేదూ? ఎక్కడైనా తల్లి తల్లే.

ప్రళయం తర్వాత పచ్చని భూమి తేలుతుంది, బాల్డర్ తిరిగొస్తాడు.

యుద్ధం వాయించడమంటే పిల్లలకు సరదాయే. కష్టమంతా మెల్లగా ఊదడంలో ఉంది. ఊపిరి మీద అదుపు కావాలి. తాళాలవాడు చాలాసేపు ఊరికే నిలబడినట్టుంటాడు. ఊరికే కాదు, లోలోపల లెక్క పెట్టుకుంటుంటాడు. ఒక్క లెక్క జారిందా, హాలంతా వింటుంది!