పొలం దగ్గర కెమెరా కొనే ముందు

(మండల రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)



పోయిన సమావేశంలో చాలామంది ఒకటే అడిగారు. మోటార్ల కేబుళ్లు పోతున్నాయి, ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి రాగి తీసుకుపోతున్నారు, కెమెరాలు పెడితే ఆగుతుందా అని. మేం పెట్టి చూశాం. ముందు మా తప్పులే చెబుతాం, డబ్బు పోయింది అక్కడే కాబట్టి.

మా వాగు ఒడ్డున 11 మంది రైతులకు కలిపి ఒక మోటారు షెడ్డు ఉంది. ఊరికి రెండు కిలోమీటర్లు. రాత్రిపూట అక్కడ మనిషి ఉండడు. రెండోసారి కేబులు పోయాక తలా కొంత వేసుకొని, టౌనులో 16 వేలు పెట్టి నాలుగు కెమెరాలూ ఒక డివిఆర్ పెట్టే ఉన్న సెట్టు తెచ్చాం. ముఖం మీద పుట్టుమచ్చ కూడా కనిపిస్తుందన్నాడు షాపాయన. కనిపించింది, షాపులో.

మన వ్యవసాయ లైనుకు కరెంటు ఇచ్చేది పగలు 9 గంటలు. రాత్రి లైను చచ్చి ఉంటుంది గనకే దొంగ ధైర్యంగా ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి వేస్తాడు. అంటే వాడు వచ్చే వేళకు మా కెమెరాలు కూడా నిద్రలోనే ఉన్నాయి. ఆ సంగతి తెలిశాక ఇన్వర్టరు పెట్టాం. మూడోసారి వచ్చినవాళ్లు కేబులుతోపాటు గోడకున్న డివిఆర్‌ను కూడా ఊడబీక్కుపోయారు. దొంగల బొమ్మ దొంగల దగ్గరే ఉంది!

కాబట్టి బొమ్మ ఎంత బాగుంటుందనేది చివర్లో అడగండి. ముందు అడగాల్సింది, ఇది ఎంత కరెంటు తింటుందని. నాలుగు కెమెరాలు, డివిఆర్ కలిపి సుమారు 30 వాట్లు. రోజుకు 720 వాట్ అవర్లు. 12 వోల్టుల 150 ఏహెచ్ ట్రాక్టరు బ్యాటరీలాంటిది సగానికి మించి దించితే పాడవుతుంది. ఆ సగం 900. ముసురు పట్టి సోలారు పలక పనిచేయకపోతే ఒక రోజు దాటాక అంతా ఆగిపోతుంది. అదే లోపల మెమరీ కార్డు ఉండే కెమెరా ఒక్కటి పెడితే, 5 వాట్లనుకున్నా రోజుకు 120. అదే బ్యాటరీ మీద వారం నడుస్తుంది. షెడ్డు ఒక్కటే చూడాలనుకునే వాళ్లకు నాలుగు కెమెరాలు దండగ. డివిఆరే కావాలంటే దాని అడాప్టరు మీద రాసింది చదవండి. 12 వోల్టులని ఉంటే మధ్యలో చిన్న డీసీ కన్వర్టరు పెట్టి బ్యాటరీ నుంచే నడపొచ్చు, ఇన్వర్టరు తినే కరెంటు మిగులుతుంది. రేకుల షెడ్డులో మాత్రం పెట్టకండి, మే నెల వేడికి అందులోని హార్డ్ డిస్కు నిలవదు.

రెండోది, ఎన్ని రోజులు దాస్తుంది. నాణ్యత తగ్గించి సెకనుకు 1 మెగాబిట్‌కు పెట్టినా రోజుకు దాదాపు 11 జీబీ అవుతుంది. 128 జీబీ కార్డు పదకొండు రోజులకు నిండి, పాతది చెరుపుకుంటూ పోతుంది. పంట ఉన్నప్పుడు సరే, రోజూ వెళ్తాం. కోత అయ్యాక నెల రోజులు అటు తొంగి చూసేవాడెవడు? అందుకే కదలిక ఉన్నప్పుడే రికార్డయ్యేలా పెట్టాం. దానికీ తిప్పలున్నాయి. వేపకొమ్మ ఊగినా, అడవిపంది వచ్చినా ఫోను మోగుతుంది. తెరమీద తలుపు, స్టార్టరు ఉన్నంత మేరకే గీత గీసుకుంటే చాలావరకు తగ్గింది. సిమ్ము ఉన్న కెమెరాతో రోజంతా వీడియో పంపిస్తే మీ 2 జీబీ ప్యాకు కొన్ని గంటలకే అయిపోతుంది. కార్డులో దాచుకోవాలి, ఫోనుకు కబురు మాత్రం రావాలి. కొనేముందు మీ ఫోను పట్టుకెళ్లి అక్కడ సిగ్నలుందో లేదో చూడండి.

ఇప్పుడు మా కెమెరా షెడ్డు మీద లేదు. దూరంగా ఒక స్తంభానికి, షెడ్డును చూస్తూ ఉంది. సోలారు పలక కూడా దొంగకు పనికొచ్చేదే, అందుకే పైకెత్తి బోల్టులకు వెల్డింగు కొట్టించాం.

ఇంకోటి, పెట్టెలో టైము. చౌక పెట్టెల్లో చిన్న బిళ్ల బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంది. ఎప్పటిదో తేదీ ఉన్న వీడియో స్టేషనుకు తీసుకెళ్తే ఏం చెబుతాం? కొనేటప్పుడే ప్లగ్గు తీసి, కాసేపాగి పెట్టి చూడండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షను ప్రకారం కోర్టుకిచ్చే వీడియో కాపీకి సర్టిఫికెట్ జతచేయాలి. దొంగతనం జరిగిందని తెలియగానే కార్డు తీసి భద్రం చేయండి, లేకపోతే అదే చెరిపేసుకుంటుంది.

మా ఆడవాళ్లు అడిగిన మాట కూడా చెప్పాలి. నీళ్లు పడే తొట్టి దగ్గర కూలికొచ్చిన వాళ్లు కాళ్లు చేతులు కడుక్కుంటారు, స్నానాలు చేస్తారు. మొదట మా కెమెరా అటే చూసేది. మాకు తట్టలేదు, సిగ్గుపడ్డాం. తిప్పేశాం. వీడియో చూసే పాస్‌వర్డు ఇద్దరి దగ్గరే ఉంది, అందులో ఒకరు మహిళ. పెట్టెతో వచ్చిన పాస్‌వర్డు మాత్రం మొదటి రోజే మార్చాలి.

ఇక అసలు సంగతి. ట్రాన్స్‌ఫార్మర్ విద్యుత్ సంస్థ ఆస్తి. అది పోతే పంట ఎండేది మనది, చందా వేసుకునేది మనమే, ఇప్పుడు కాపలా ఖర్చూ మనదే అయింది. కెమెరా పెట్టుకున్నాం కదా అని ఈ మాట అడగడం మానొద్దు. ట్రాన్స్‌ఫార్మర్లకు కాపలా ఖర్చు సంస్థే భరించాలని తీర్మానం రాసి తెచ్చాం. సంతకాలు ఇప్పుడే పెట్టండి. మా కెమెరా బిల్లు, బ్యాటరీ లెక్క కూడా ఆ బల్లమీదే ఉన్నాయి, ఫోటో తీసుకోండి.