బాలశిక్షణము – దండనము



విద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. మన వార్షికసభలలో విద్య యనగానే పతకములును, విద్యార్థివేతనములును ప్రస్తావనకు వచ్చుట వాడుక. మేము ఒకటవ తరగతి మొదలు ఐదవ తరగతి వఱకు గల పిల్లల యల్లరిని గూర్చియే చెప్పదలచితిమి.

మేము బడిలో నున్న కాలమున, ఏటేట జూన్ మాసమున తండ్రులు బిడ్డను మా ముందు నిలిపి, "మాష్టారూ, కండ్లు తప్ప తక్కినదంతయు మీదే" యని చెప్పి పోవుచుండెడివారు. ఆ మాటను మేము గౌరవముగా భావించితిమి. చింతబరికె మా బల్లమీద పుస్తకముల ప్రక్కనే యుండెడిది. శాస్త్రము చదివినవారము గదా, సమర్థనమునకు కొఱతయేమి? గురువు కొట్టు చేయి విషహస్తము కాదు, అమృతహస్తమని మహాభాష్యమున నున్న మాటను పలుమాఱులు వల్లించితిమి. గౌతమధర్మసూత్రమును సైతము చదివితిమి గాని, అందలి నియమమును మఱచితిమి. శిష్యుని కొట్టకయే శాసింపవలెననుట యందు మొదటి విధి. అది సాధ్యము కానిచో సన్నని త్రాడో వెదురుబద్దయో చెప్పబడినది. మఱియొకదానితో కొట్టిన గురువును రాజు దండింపవలెను! 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము 17వ విభాగమున శారీరకదండనమును, మానసికవేధింపును పూర్తిగా నిషేధించి, అతిక్రమించినవారిపై చర్యను విధించినది. ఇది పరదేశపు పోకడ యని నిందించు పండితులు గౌతముని మఱియొకసారి చూతురుగాక.

బెత్తము పోయిన పిదప బడులు చెడినవని మీలో పలువురందురు. బెత్తమును తీసితిమి గాని దాని చోట నేమియు నుంచలేదు. ఆ లోపము నిజమే.

పల్లెబడిలో అల్లరికి మూలము తఱచుగా పనిలేమియే. అరువదిమంది వఱకు ఇద్దరే ఉపాధ్యాయులు, తరగతులు ఐదు. మేము మూడవ తరగతికి లెక్క చెప్పుచుండగా రెండవ తరగతివారి చేతులు ఊరకుండునా? వారికి ముందుగా పని యిచ్చి, పెద్దపిల్లలను చిన్నవారి ప్రక్క కూర్చుండబెట్టినప్పుడు సగము గోల తగ్గెను. గొంతు పెంచుటకంటె పిల్లవాని దగ్గఱకు నడచిపోవుట మేలు. "పరుగెత్తకు" మనుటకంటె "నడచి రమ్ము" అనుట మేలు. గిజుభాయి "పగటికల"లోని ఉపాధ్యాయుడు సైతము తొలినాడు పిల్లలను నిశ్శబ్దముగా నుంచబోయి ఓడిపోయెను. మఱునాడు కథ చెప్పగా వారు తామే కుదురుకొనిరి. అన్నిటికంటె చెడ్డది, కొట్టుటకంటెను చెడ్డది, పిల్లవానిని కులము పేరుతోనో తండ్రి వృత్తితోనో తిట్టుట. కులసభలో నిలిచి ఈ మాట చెప్పుచున్నాము. మన బిడ్డలకే కాదు, ఏ బిడ్డకైనను ఇంతే.

మా మూడవ తరగతిలో ఒక బాలుడు నిత్యము తోడివారి బలపములు దొంగిలించెడివాడు. మూడుమాఱులు కొట్టితిమి, గోడకుర్చీ వేయించితిమి. దొంగతనము మానలేదు, అబద్ధము నేర్చెను. బలపము కొనిపెట్టుమని యింట నడుగ భయపడుచున్నాడని చాల ఆలస్యముగా తెలిసినది. ఒక డబ్బాలో బలపపు ముక్కలు పోసి, లేనివారికి పంచి సాయంకాలము లెక్క అప్పగించు పని వానికే యిచ్చితిమి. ఆ నెలలో ఒక్క బలపమును పోలేదు. వాడిప్పుడు ఇద్దరు బిడ్డల తండ్రి. సంతలో కనబడిన ఆదరముతో నమస్కరించును. వెంటనే చేతులు రెండును వెనుకకు దాచుకొనును. తాను గమనించునో లేదో, మేము ప్రతిసారియు గమనింతుము.

ఇక మా విన్నపము. మన సంఘ వసతిగృహమున ఆలస్యముగా లేచిన చిన్నవారికి గోడకుర్చీ యింకను గలదని వింటిమి. దానిని ఈ సభలోనే తీర్మానముచే తొలగింప ప్రార్థించుచున్నాము. వచ్చు జూన్‌లో బిడ్డను బడిలో చేర్చునప్పుడు మీరు ఆ పాతమాట పలుకక, వాడు దేనికి భయపడునో, ఏ పని యిష్టముగా చేయునో ఉపాధ్యాయునికి చెప్పి రండు.