తక్కువ ఖర్చులో నిండుగా కట్టుకుందాం
(మహాజన సభలో చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు గురించి, రికవరీ గురించి, బ్యాంకు లింకేజీ గురించి ఉదయం నుంచి అందరూ చెప్పారు. మాకిచ్చిన విషయం బట్టలు. చీరల మీద కూడా ప్రసంగమా అని వెనక వరుసలో నవ్వుతున్నారు, నవ్వండి. కానీ మన అంతర్గత అప్పుల పుస్తకంలో "శుభకార్యం" అని రాసి ఉన్న చోట, అందులో చీర ఎంత, జాకెట్టు ఎంత అని ఒకసారి అడిగి చూడండి.

చీర 5,000. దాని మీదకు మగ్గం వర్కు జాకెట్టు 3,000. మొత్తం 8,000 అప్పు. నూటికి రూపాయి వడ్డీకి తీసుకుని నెలకు 800 చొప్పున పది నెలలు కడితే వడ్డీ 440 అవుతుంది. వడ్డీ పెద్దదేం కాదు, అది మన సంఘానికే వస్తుంది. కానీ పది నెలల పాటు ఇంట్లో ఆ 800 లోటే కదా. ఆ పది నెలల్లో ఆ చీర ఎన్నిసార్లు కట్టాం? మహా అయితే రెండుసార్లు. మగ్గం జాకెట్టును మామూలుగా ఉతకలేం. ఒళ్ళొచ్చి చంకల దగ్గర బిగుతైతే కుట్టు విప్పి వదులు చేయడానికీ వీలుండదు, పూసలు ఊడతాయి.

ఇంకో రకం వాళ్ళున్నారు. వీళ్ళు అసలు ఖర్చే పెట్టుకోరు. నలభై ఐదు దాటగానే "మన వయసుకి ఇవన్నీ ఎందుకే" అంటారు. కూతురికి కొంటారు, కోడలికి పెడతారు, తమకు మాత్రం వెలిసిపోయిన చీరే. మాకు అసలు బాధ వీళ్ళ గురించే.

మా సంఘంలో ఒక అక్క ఉంది. యాభై రెండేళ్ళు, భర్త పోయి తొమ్మిదేళ్ళు. సంఘం లెక్కలన్నీ ఆవిడకు నోటికి వచ్చు. అయినా మండల సమావేశం అనగానే రెండో లీడరును పంపేది. ఎందుకక్కా అంటే చాలా రోజులు చెప్పలేదు. చివరికి, "అక్కడ అందరూ చక్కగా తయారై వస్తారు, నేను ఈ చీరతో ఎక్కడ కూర్చోను" అంది. మేమంతా కూర్చుని ఆవిడకు ఒక జత కుదిర్చాం. నేసేవాళ్ళ దగ్గరే కొన్న ఆకుపచ్చ మంగళగిరి నూలు చీర, నిజాం అంచుది, 1,150. పెడన కలంకారీ గుడ్డ మీటరు 130. లైనింగు వేసి కుట్టుకూలి 300. ఫాలు, జిగ్‌జాగ్ 100. చిలకలపూడి కవరింగు దుద్దులు 150. మెడలోకి ఎర్ర పూసల గొలుసు 120. అంతా కలిపి 1,950.

ఆవిడ తోటికోడలు "ఎవరి కోసమమ్మా ఈ సోకు" అనే అంది. అక్క ఏమీ అనలేదు. మేమే అన్నాం, బ్యాంకు మేనేజరు ఎదురుగా కుర్చీలో కూర్చోవడానికి అని. మూడు నెలలుగా మండలానికి అక్కే వెళ్తోంది. చీర వల్ల తెలివి వచ్చిందని మేము అనం. తెలివి ముందు నుంచీ ఉంది, తలెత్తుకుని లోపలికి నడవడానికే ఏదో అడ్డం పడింది. భర్త లేని ఆడమనిషి పచ్చ, ఎరుపు కట్టకూడదని ఏ చట్టంలోనూ లేదు. మన సంఘాల్లో అయినా ఆ మాట ఎవరూ అనకుండా చూసుకుందాం.

ఇక షోరూములో అద్దాల వెనక బొమ్మకు కట్టిన డిజైనర్ చీరను బాగా చూడండి. చాలావాటిలో ఒళ్ళంతా ప్లెయినే ఉంటుంది. అంచు ఒకటి, దానికి కలవని రంగు జాకెట్టు ఒకటి. మనం ఏళ్ళ తరబడి చీర రంగుకే జాకెట్టు వెతుక్కుంటూ మ్యాచింగ్ షాపుల చుట్టూ తిరిగాం, ఇప్పుడు కలవకపోవడమే ఫ్యాషన్. మనకది మంచిదే. ఆవాల రంగు, నలుపు, మెరూన్ కలంకారీ జాకెట్లు మూడు ఉంటే ఇంట్లో ఉన్న పది ప్లెయిన్ చీరల మీదకు తిప్పి తిప్పి వేసుకోవచ్చు. పూల చీర మీదకు మాత్రం ప్లెయిన్ జాకెట్టే వేయండి. రెండూ పూలైతే కళ్ళు తిరుగుతాయి.

జాకెట్టు దగ్గర పీనాసితనం వద్దు. మన వయసు వాళ్ళకు అందమంతా కుట్టులోనే ఉంది. చేతులు మోచేతి దాకా పెట్టించుకుంటే దండలు లావుగా కనిపించవు, ఎండకు కమిలిన చేయి కూడా కనిపించదు. మెడ వెనక మరీ లోతు వద్దు, వంగి పని చేసేటప్పుడు భుజం జారుతుంది. లోపల రెండు వైపులా అంగుళం గుడ్డ వదలమని టైలరుకు గట్టిగా చెప్పండి. రేపు ఒళ్ళొస్తే కుట్టు విప్పుకోవచ్చు. నూలు గుడ్డను కుట్టించే ముందు ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి ఆరేయాలి. లేకపోతే మొదటి ఉతుకుకే కుంచించుకుపోతుంది. కలంకారీని విడిగా చన్నీళ్ళలో ఉతికి, తిరగేసి నీడలో ఆరేయండి.

అసలు కలంకారీకి, తెరతో వేసిన ప్రింటుకు తేడా చాలామంది అడుగుతున్నారు. చెక్క అచ్చుతో చేత్తో అద్దింది కాబట్టి అచ్చుకూ అచ్చుకూ కలిసే చోట కాస్త అటూ ఇటూ అవుతుంది. అది లోపం కాదు, చేతి పని గుర్తు. అంతా గీత గీసినట్టు ఒకేలా ఉంటే అనుమానించండి. చేనేత చీరైతే అంచు పొడవునా సన్నటి సూది గుచ్చులు కనిపిస్తాయి, మగ్గం మీద గుడ్డ ముడుచుకోకుండా పట్టుకునే బద్ద గుర్తులవి. పండగలకు ఆప్కోలో రిబేటు పెడతారు, అప్పటి దాకా ఆగగలిగితే ఆగండి.

పాత పట్టుచీరలు బీరువాలో మడతల దగ్గర చిరిగిపోతున్నాయని స్టీలు గిన్నెల వాడికి ఇచ్చేస్తున్నాం. దయచేసి ఇవ్వకండి. ఒళ్ళు చిరిగినా చాలాసార్లు అంచు గట్టిగానే ఉంటుంది. అంచును వేళ్ళతో రెండు వైపులా పట్టి కొద్దిగా లాగి చూడండి, చిట్లకపోతే పనికొస్తుంది. దాన్ని రెండు వైపులా అర అంగుళం వదిలి కత్తిరించి, అడుగున పల్చటి నూలు గుడ్డ వేసి, ప్లెయిన్ చీరకు కుట్టించండి. చీర నూలుదైతే ముందు తడిపి ఆరేయాలి, లేకపోతే చీర కుంచించుకుని అంచు ముడతలు పడుతుంది. అమ్మ పెళ్ళిచీర అంచు మన ఒంటి మీద ఉంటుంది, అడిగినవాళ్ళకు చెప్పుకోవడానికి ఒక కథా ఉంటుంది.

నగల మాటకొస్తే, బంగారం ధర చూస్తూనే ఉన్నారు. పెళ్ళికి వెళ్ళడానికి పక్కింటి నగ అడిగి తెచ్చుకుని, తిరిగిచ్చేదాకా గుండె చేత్తో పట్టుకుని కూర్చునే బదులు కవరింగు వేసుకోవడంలో నామోషీ లేదు. మన బందరు పక్కన చిలకలపూడి ఆ పనికి పెట్టింది పేరు. ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. అంచు ఘనంగా ఉన్న చీర మీదకు మెడలో సన్నటి గొలుసు చాలు. నూలు చీర మీదకు కావాలంటే పెద్ద దుద్దులు పెట్టండి, అప్పుడు మెడలో ఏమీ అక్కర్లేదు. అన్నీ ఒకేసారి దిగేస్తే ఏదీ కనిపించదు. చెవి రంధ్రాలు సాగినవాళ్ళు బుట్టలు మానుకోనక్కర్లేదు, మాటీలు తగిలించుకుంటే బరువు జుట్టు మీదకు పోతుంది.

కవరింగు నల్లబడేది ఎక్కువగా చెమటకు, సెంటుకు. పౌడరు, సెంటు అన్నీ అయ్యాక చివర పెట్టుకోండి, ఇంటికి రాగానే ముందు అవే తీయండి. పొడి నూలు గుడ్డతో తుడిచి, దూదిలో చుట్టి, చిన్న ప్లాస్టిక్ కవర్లో గాలి పోకుండా మూయండి. కుంకుడు రసం, చింతపండు పెట్టి తోమకండి, పూత పోతుంది. చెవి దురద పెట్టి ఎర్రబడితే వెంటనే తీసేయండి, మీ ఒంటికి ఆ లోహం పడలేదన్నమాట. అప్పుడు దారంతో చేసినవో, టెర్రకోటవో చూసుకోండి. కాకపోతే కొక్కెం కూడా పడేదే ఉండాలి.

చెప్పులు, సంచి సంగతి ఎక్కువ చెప్పం. చెప్పు తెగి పిన్నీసు పెట్టి ఉంటే చీర ఎంత మంచిదైనా చూపు అక్కడికే పోతుంది. పుస్తకాలు పెట్టుకోవడానికి జనపనార సంచి చాలు, మన సంఘాల వాళ్ళే కుడుతున్నారు.

భోజనాల తరువాత పక్క గదిలో మా సంఘం టైలరమ్మ కత్తెర పట్టుకుని కూర్చుంటుంది. పాత పట్టుచీరలు తెచ్చినవాళ్ళు ఆవిడకు చూపించండి, అంచు పనికొస్తుందో లేదో చేత్తో పట్టుకుని చెప్తుంది. చూసినందుకు డబ్బులు తీసుకోదు, కుడితే మాత్రం తీసుకుంటుంది, బేరాలాడకండి.