షిల్లర్: ఎల్ల దాటిన రాత్రి



పక్క ఊరికి పోతే పాలన మారిపోవడం, నోటి మాట మారిపోవడం సరిహద్దు జిల్లాల్లో ఉండే మనకు కొత్త కాదు. పద్దెనిమిదో శతాబ్దపు జర్మనీ నిండా అలాంటి ఎల్లలే. ఆ సంస్థానాల్లో ఒకటైన వుర్టెంబర్గ్‌లో, మార్బాహ్ అనే చిన్న ఊళ్ళో 1759 నవంబరు 10న కవి, నాటకకర్త ఫ్రీడ్రిష్ షిల్లర్ జన్మించాడు.

మతాచార్యుడు కావాలని అతని కోరిక. ప్రభువు కార్ల్ ఓయ్గెన్ మాత్రం పదమూడేళ్ళ పిల్లవాణ్ణి తన సైనిక విద్యాలయంలో చేర్పించుకున్నాడు. ముందు న్యాయశాస్త్రం, తర్వాత వైద్యం. ఆ గోడల మధ్యనే చాటుగా 'దొంగలు' నాటకం రాశాడు. 1782 జనవరి 13న పొరుగు సంస్థానంలోని మన్‌హైమ్‌లో దాన్ని ప్రదర్శించారు. అప్పటికి సైనిక వైద్యుడైన షిల్లర్ సెలవు అడక్కుండానే వెళ్ళి చూసి వచ్చాడు. మళ్ళీ వెళ్ళినప్పుడు సంగతి బయటపడింది. పద్నాలుగు రోజులు ఖైదు. కొన్నాళ్ళకు మరో ఆజ్ఞ: వైద్యం గురించి తప్ప ఇంకేమీ రాయకూడదు!

రాయకుండా బతకలేని మనిషి ఏం చేస్తాడు? సెప్టెంబరు 22 రాత్రి, ప్రభువు రష్యా యువరాజుకు విందు చేస్తున్న వేళ, స్నేహితుడు ఆండ్రియాస్ స్ట్రైఖర్‌తో బండెక్కాడు. ఇద్దరూ దొంగ పేర్లు చెప్పి కోట వాకిలి దాటారు. తల్లికి తెలుసు. తండ్రికి చెప్పలేదు. ఆయన ప్రభువు కొలువులో ఉద్యోగి. రేపు అడిగితే 'నాకు తెలియదు' అని నిజమే చెప్పాలి కదా. దారిలో దీపాలతో వెలిగిపోతున్న రాజభవనం కనిపించింది. అమ్మా నాన్నల ఇల్లు ఆ పక్కనే.

మన్‌హైమ్‌లో నటుల ముందు తన కొత్త నాటకం 'ఫియెస్కో' చదివాడు. కాసేపటికే ఒక్కొక్కరూ లేచిపోయారు. 'దొంగలు' రాసింది నిజంగా ఇతనేనా అని రంగస్థల నిర్వాహకుడు మేయర్ స్ట్రైఖర్‌ను చాటుగా అడిగాడట. ఆ రాత్రి ఒంటరిగా చదువుకున్నాక తెలిసింది, నాటకం గొప్పదే. చెడగొట్టింది షిల్లర్ స్వాబియన్ యాస, చదివిన తీరు. మన పిల్లలు హైదరాబాదులోనో విజయవాడలోనో నోరు విప్పితే నలుగురూ ముసిముసిగా నవ్వడం నాకు గుర్తొచ్చింది.

తర్వాతి కథ పెద్దది. వైమార్, 1794 నుంచి గేటేతో స్నేహం, వదలని జబ్బు. స్విట్జర్లాండు ఎన్నడూ చూడకుండానే 1804లో 'విల్‌హెల్మ్ టెల్' పూర్తి చేశాడు. ఫ్రెంచి విప్లవం రక్తపాతంగా మారినప్పుడు, మనసుకు సంస్కారం లేని చోట స్వేచ్ఛ నిలవదని, ఆ సంస్కారం సౌందర్యం వల్ల వస్తుందని ఉత్తరాలుగా రాశాడు. ప్రభువు చేతిలో నలిగినవాడు ఆ మాట అనడమే నాకు విశేషంగా తోస్తుంది. 1805 మే 9న, నలభై అయిదేళ్ళకే కన్నుమూశాడు.

మరి స్ట్రైఖర్? హాంబర్గు వెళ్ళి సంగీతం నేర్చుకోవడానికి ఉంచుకున్న డబ్బంతా స్నేహితుడి పారుబాటుకే ఖర్చయింది. తర్వాత వియన్నాలో పియానోలు తయారుచేస్తూ బీథోవెన్‌కు ఆప్తుడయ్యాడు. ఆ రాత్రి కథను ఆయనే రాసి పెట్టాడు. ఆయన పోయిన మూడేళ్ళకు, 1836లో, అది అచ్చయింది. హాంబర్గు చదువు మాత్రం ఆయనకు దక్కలేదు.