మంట లేని పొయ్యి

పట్టణములందును విదేశములందును ఉద్యోగములు చేయు బిడ్డలు ఇంటనున్న తల్లిదండ్రులకు కొని తెచ్చు వస్తువులలో మైక్రోవేవ్ ఓవెన్ ఒకటి. మంట లేదు, పొగ లేదు, ఊదుగొట్టముతో పని లేదు. కాని పొయ్యికి అలవాటుపడిన చేతికి దీని నడవడి క్రొత్త. దానిని గూర్చియే నేడు ముచ్చటింపదలచితిని.

ఇది యుద్ధకాలపు సంతానము. శత్రువిమానముల జాడ కనిపెట్టు రాడారులోని మాగ్నెట్రాన్ అను గొట్టమే దీనికిని గుండెకాయ. 1945లో అమెరికాలోని రేథియాన్ సంస్థయందు పనిచేయు పెర్సీ స్పెన్సర్ జేబులోని మిఠాయి ఆ గొట్టము చెంత కరగుటయే దీనికి మూలమని చెప్పుదురు. 1947లో వెలువడిన మొదటి యంత్రము మనుష్యుని యెత్తుండి, మూడువందల కిలోలకు మించి తూగెడిది!

పొయ్యి గిన్నెను కాచును, గిన్నె కూరను కాచును. ఇందు అట్లు కాదు. తరంగములు పింగాణిని, గాజును దాటిపోయి ఆహారమందలి తేమను కదలించి వేడి పుట్టించును. అవి చొచ్చునది అంగుళము, అంగుళమున్నర లోతు మాత్రమే. అటుపై నడిమికి వేడి తనంతట మెల్లగా ప్రాకవలసినదే. మఱియు అవి పెట్టెగోడలకు తగిలి మరలుటచే ఒకచోట బలముగను, ఒకచోట బలహీనముగను ఉండును. అందుకే లోపలి పళ్లెము తిరుగును. అయినను పళ్లెము నట్టనడుమ నున్న ముద్ద ఎంత తిరిగినను అచ్చటనే యుండును గదా!

కావున పప్పు అంచున కుతకుతలాడుచు నడుమ చల్లగా మిగులుట వింత కాదు. ఆ చల్లనిచోటనే రోగక్రిములు చావక నిలుచును. వృద్ధులకును పసివారికిని వాటివలన కలుగు వాంతులు, విరేచనములు సామాన్యమైన బాధ కావు. ఆహారమును లోతుగిన్నెలో కుప్పపోయక వెడల్పు పాత్రలో పలుచగా పఱచి, నడుమ కొంత ఖాళీ విడువుడు. ఆవిరి పోవుటకు సందుంచి మూత వేయుడు. సగము కాలము కాగానే ఆపి, అడుగునుండి కలియబెట్టి మరల పెట్టుడు. గంట మ్రోగిన పిదప రెండు మూడు నిమిషములు కదల్పకున్న వేడి సర్దుకొనును. నడిమిభాగము 74 డిగ్రీల సెంటిగ్రేడుకు రావలెను. ఉష్ణమాపకము లేనివారు నడుమనుండి పొగలు వచ్చుచున్నవో లేవో చూడవలెను.

అన్నము విషయమున ఒక మాట. వండినను చావని క్రిమిబీజములు బియ్యములో నుండును. అన్నము గంటలకొలది బయట నున్నచో అవి మొలకెత్తి విషము నింపును. ఆ విషము మరల కాచినను పోదు; ఏ యంత్రమును దానిని బాగుచేయలేదు. మిగిలిన యన్నమును గంట రెండుగంటలలోపే చల్లార్చి ఫ్రిజ్జులో నుంచుడు.

మన యిండ్లలో స్టీలుగిన్నెలే మెండు. లోహమునుండి తరంగములు వెనుకకు మరలును, నిప్పురవ్వలు లేవవచ్చును. బంగరుగీత గల పింగాణియు అట్టిదే. పెంకుతోనున్న గ్రుడ్డు బాంబువలె ప్రేలును. పసిబిడ్డ పాలసీసాను ఇందు కాచుట నాకు సమ్మతము కాదు. సీసా చేతికి చల్లగా దోచినను లోపలిపాలు నోరు కాల్చును. వేడినీటిగిన్నెలో నిలిపి కాచి, మణికట్టుపై చుక్క వేసికొని చూచి పట్టుడు.